636 – కోళ్ల పెంపకం

పత్తర్‌గట్టి వెనక సందులో మేము చిన్నప్పుడు చదువుకున్న గ్రంథాలయం ఇంకా నడుస్తోందని నస్రీన్ ఫోన్ చేసేదాకా నాకు తెలియదని అందరితోనూ చెబుతున్నాను. అది పూర్తిగా నిజం కాదు. చార్మినార్ వైపు పనిపడినప్పుడల్లా గాజుల దుకాణాల దాకా వెళ్లి, అటునుంచి అటే ఆటో ఎక్కి వచ్చేసేదాన్ని. ఎవరైనా "మీ పాత ఇల్లు చూపించరా" అంటే మోకాళ్లు నొప్పులనేదాన్ని. మోకాళ్లు నొప్పులే, అబద్ధమేం కాదు. కానీ ఆ సందు మొదట్లో అవి కాస్త ఎక్కువగా నొప్పి పెట్టేవి.

నస్రీన్ ఆ గ్రంథాలయంలో కొత్తగా చేరిన అమ్మాయి. గ్రంథాలయ శాస్త్రం చదువుకుంది, ఆ చుట్టుపక్కల గల్లీలోనే పుట్టి పెరిగింది. నేనెక్కడో ఆ గ్రంథాలయం గురించి ఒక ముక్క రాస్తే అది పట్టుకుని నా నంబరు సంపాదించింది. "మేడమ్, పుస్తకాలన్నీ కంప్యూటర్ల ఎక్కిస్తున్నం. జనం ఫోన్ల నుంచే వెతుక్కోవచ్చు. కానీ పుస్తకం మీద నంబర్లు ఎవరికీ సమజ్ అయితలేవు. ఒక్కో నంబర్‌కు ఒక తెలుగు మాట పెట్టాలె. పెద్ద పెద్ద మాటలు వద్దు, గల్లీల మనిషికి తెలిసే మాట. నా తెలుగు గింతే. జర మీరు వస్తరా?" అని అడిగింది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక, ఎందుకు ఒప్పుకున్నానా అని భయపడ్డాను.

కారణం చెప్పేస్తాను. ఆ గ్రంథాలయంలో ఒక సంఖ్య కింద ఉన్న పుస్తకాలు ఆ సంఖ్యకు చెందినవి కావు. ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు బతికి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నోరు మూసుకుంటే నస్రీన్ ఆ అబద్ధాన్నే కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది, అది ఇక శాశ్వతమైపోతుంది. నోరు విప్పితే మా బాపు, మా అమ్మ బతికినన్నాళ్లూ ఇంటి గోడ దాటనివ్వని ఒక మాటను, వాళ్లు బతికిన సందులోనే నిలబడి నేను పలకాలి. వాళ్లిద్దరూ పోయి చాలా కాలమైంది. ఇంకా ఎవరికి భయపడుతున్నావే అని నన్ను నేనే కసురుకున్నాను. కసురుకున్నంత మాత్రాన భయం పోతుందా?

మాది బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో చిన్న వాకిలి. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా కొత్త బట్ట గంజి వాసన వచ్చేది. అన్నంలోనూ ఆ వాసనే, నా బడి పుస్తకాల్లోనూ ఆ వాసనే. ధూల్‌పేట్ నుంచి వినాయకుణ్ణి తెచ్చుకునే రోజుల్లో మాత్రం వాకిట్లో పచ్చి రంగు వాసన దాన్ని కొద్దిగా గెలిచేది. బాపు దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చుని, వచ్చిన బట్ట తానును విప్పి, అంచును వేళ్ల మధ్య నలిపి, తర్వాత కళ్లు మూసుకుని చిటికెన వేలి వైపు అరచేతి వారతో బట్టను ఒక్కసారి నిమిరేవాడు. అంతే. నూలు ఎంత సన్ననిదో, ఎంత గంజి పెట్టి మోసం చేశారో చెప్పేసేవాడు. పక్క దుకాణాలవాళ్లు కూడా అనుమానం వస్తే తాను పట్టుకుని మా దుకాణానికే వచ్చేవాళ్లు. "అన్నా, జర నీ చెయ్యి పెట్టు" అనేవాళ్లు.

లోపల రాజ్యం బాపమ్మది, అంటే మా నాయనమ్మది. వాకిట్లో పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ లోకాన్నంతా తిట్టేది. మా ఇంట్లో మాంసం మాట అటుంచండి, గుడ్డు అన్న మాట కూడా పలకకూడదు. ఎప్పుడైనా తప్పనిసరై చెప్పాల్సి వస్తే బాపమ్మ "తెల్లది" అనేది, అని నోరు కడుక్కునేది. అమ్మ పొద్దున పొయ్యి రాజేసిందంటే మళ్లీ అందరూ తిన్నాక గానీ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. అమ్మ మాట్లాడటం తక్కువ. నేను బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుని ఆ రోజు చదివింది చెబుతుంటే కూరగాయలు తరుగుతూ వినేది. ఆమెకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. కానీ చదవడానికి కూర్చునే వీలు ఎవరిస్తారు?

గ్రంథాలయం మా సందులోనే, ఒక గోదాము మీది మేడ గదిలో ఉండేది. బట్టల వ్యాపారులు తలా ఇంత వేసుకుని పెట్టుకున్నారు. దాన్ని చూసుకునేవారు వేంకటరత్నం గారు. ఆయనది కోస్తా. పగలు సర్కారు కచేరీలో గుమాస్తా, సాయంత్రాలు మా గ్రంథాలయంలో గ్రంథాలయాధికారి. మనిషి చండశాసనుడు. పుస్తకం మూల మడిచినట్టు కనిపిస్తే చాలు, కళ్లద్దాల మీదుగా ఒక చూపు చూసేవారు, ఆ చూపుకి పెద్ద పెద్ద సేట్లే తలకాయ దించుకునేవాళ్లు. పుస్తకాలన్నిటికీ ఖాకీ కాగితం అట్టలు వేయించడం ఆయన పద్ధతి. పేరు కనిపించదు. వెన్ను మీద తెల్ల కాగితం ముక్క, దాని మీద నల్ల సిరాతో మూడంకెల సంఖ్య. చిన్న గ్రంథాలయం కాబట్టి ఆ మూడంకెలే చాలనేవారు.

మొదట్లో ఆ సంఖ్యలంటే జనం హడలిపోయారట. "ఏంది సారూ, పుస్తకం అడిగితే లెక్కలు చెప్తున్నవ్" అని గొడవ పెట్టారట. అందుకని వేంకటరత్నం గారు గోడకు ఒక నల్ల బల్ల వేలాడదీసి, ఒక్కో సంఖ్య పక్కన దాని అర్థం తెల్ల రంగుతో రాయించారు. అది కూడా ఉద్గ్రంథాల భాషలో కాదు. 133 – దయ్యాలు, జాతకాలు. 395 – నలుగురిలో ఎలా మెలగాలి. 616 – రోగాలు, మందులు. 636 – కోళ్ల పెంపకం. 641 – వంటలు. నాకు ఆ బల్ల ప్రాణం. పుస్తకం తీసుకోకపోయినా దాని ముందు నిలబడి పైనుంచి కిందికి చదువుకుని వచ్చేదాన్ని, ఇంటికొచ్చి అమ్మకు పద్యంలా అప్పజెప్పేదాన్ని. "ఇంకా?" అనేది అమ్మ. "ఇంకేం లేవా? గంతేనా?" అమ్మకు కూడా నాలాగే సరదాగా ఉందనుకునేదాన్ని. ఒకసారి "గా రోగాల నంబర్ల ఏమేముంటయి బిడ్డా?" అని అడిగింది. ఆ పుస్తకం తెచ్చి చూపించాను. జ్వరాలు, దగ్గులు, చక్కెర రోగం, కడుపునొప్పి. అమ్మ విషయసూచిక అంతా వేలు పెట్టి చదివి తిరిగిచ్చేసింది.

బల్ల వచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది. సందులో అందరికీ సంఖ్యలు కంఠతా వచ్చేశాయి. ఎవరు ఏ పుస్తకం చంకలో పెట్టుకుని పోతున్నా వెన్ను మీది అంకె చూసి కూసేవాళ్లు. "ఏం భాయ్, నూటముప్పైమూడా? ఇంట్ల దయ్యం తిరుగుతున్నదా?" అని ఒకడు, "మూడువందల తొంభైఐదు చదువుతున్నవ్, గిప్పుడన్న మర్యాద నేర్చుకో" అని ఇంకొకడు. నవ్వులాటగానే ఉండేది. కానీ ఆ నవ్వులాట వల్ల జనం కొన్ని పుస్తకాలు ముట్టుకోవడం మానేశారు. అది నాకు అప్పుడు తెలియదు.

ఒకరోజు బాపు పుస్తకం తెచ్చుకున్నాడు. అదే వింత. పేపరు తప్ప ఏమీ చదవని మనిషి. తెచ్చినదాన్ని దుకాణంలో కాకుండా లోపలి గదిలో, అలమర పైన బట్టల నమూనాల మూట కింద పెట్టాడు. నేను కుర్చీ ఎక్కి చూశాను. వెన్ను మీద 636.

"బాపూ, కోళ్ల పుస్తకం ఎందుకు తెచ్చినవ్?" అని అడిగాను. అడిగింది మెల్లగానే గానీ బాపమ్మ చెవులు పాము చెవులు. బియ్యం చేట పక్కన పెట్టేసింది.

"ఏందిరా, ఏం పుస్తకమన్నది పిల్ల?"

"ఏం లేదమ్మా. ఊకె చదువుదామని" అన్నాడు బాపు. ఆయన మొహంలో రక్తం లేదు.

"ఊకె ఎవడన్న కోళ్ల ముచ్చట చదువుతడా? పొద్దుమాపు గీ ఇంట్ల దీపం పెడుతున్న నేను. దుకాణం మూసి కోళ్ల ఫారం పెడతవా? గా పాపపు పైస తింటమా మేము? ముందు నన్ను కాశీకి పంపి, ఆ ఎన్క పెట్టుకో నీ కోళ్లు!"

అప్పట్లో ఊరి చుట్టూ కోళ్ల ఫారాలు కొత్తగా లేస్తున్నాయి. అందుకే మా బంధువులంతా నమ్మేశారు. ఒక్కొక్కరే వచ్చి బాపుకు బుద్ధి చెప్పి, టీ తాగి వెళ్లేవాళ్లు. బాపు ఎవరికీ అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చే లొల్లి అది. కానీ అప్పుడు బాపు మొహం చూసిన నాకు నవ్వు రాలేదు. ఆ తిట్లు ఆయనకు కొంత ఊరటగా ఉన్నట్టు కనిపించేది. కోళ్ల గురించి తిడుతున్నారు కదా, తిట్టనీ అన్నట్టు కూర్చునేవాడు. మనిషికి తిట్లు ఊరట ఎలా అవుతాయో అర్థంకాక భయం వేసేది.

తర్వాత దుకాణంలో ఒక సంగతి గమనించాను. బాపు ఇప్పుడు కళ్లు మూసుకోవడం లేదు. తానును వెలుగులోకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. వేళ్లతో నలుపుతున్నాడు గానీ అరచేతి వారతో నిమరడం లేదు. పక్క దుకాణం ఆయన తాను తెచ్చి "చెయ్యి పెట్టన్నా" అంటే "కండ్లతోనే తెలుస్తున్నది లే" అన్నాడు. అది అబద్ధమని నాకు వెంటనే తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం బాపమ్మ పడుకున్నాక ఆ పుస్తకం దించి తెరిచాను. ఒక్క కోడి లేదు. మొదట నాకు కనిపించింది ఒక చెయ్యి బొమ్మ. చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. కింద అక్షరాలు చదివాను. చర్మం మీద పాలిపోయిన మచ్చ, అక్కడ స్పర్శ తెలియకపోవడం, వేడి తెలియక వేళ్లు కాలడం. ఆ పైన రోగం పేరు. కుష్టు. చార్మినార్ దారిలో చేతులకు గుడ్డలు చుట్టుకుని కూర్చునేవాళ్లను చూపించి పిల్లలను ఏ మాటతో బెదిరించేవాళ్లో ఆ మాట. పుస్తకం మూసేశాను. మూసేసిన అట్ట మీద చెయ్యి తియ్యడానికి కూడా భయమేసింది. ఆ కాగితం నుంచే అంటుకుంటుందేమో అనుకున్నాను, పిల్లదాన్ని.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. బాపు తల మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోయేదాన్ని, ఆ వెంటనే ఏడుపు వచ్చేది. వీధిలో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే మా గురించే అనిపించేది. తెలిస్తే దుకాణానికి ఎవరు వస్తారు? బాపు తాకిన బట్టను ఎవరు ఒంటికి చుట్టుకుంటారు? మమ్మల్ని సందులోంచి పంపేస్తారా? బాపును ఎక్కడికైనా తీసుకుపోతారా? అడగడానికి మనిషి లేడు. చివరికి ఒక సాయంత్రం గ్రంథాలయంలో ఎవరూ లేనప్పుడు వేంకటరత్నం గారి బల్ల ముందు నిలబడి, "సార్, 636 కోళ్లది కాదు గదా" అన్నాను.

ఆయన కలం పెట్టేశారు. లేచి వెళ్లి గది తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"ఎవరితోనైనా అన్నావా అమ్మాయ్?"

"లేదు సార్. మా బాపు చచ్చిపోతడా?"

"ఛ ఛ, అవేం మాటలు! ఇలా కూర్చో. దానికి మందుంది. నది అవతల పెద్దాసుపత్రిలో ఇస్తున్నారు. నేనే తీసుకెళ్తున్నాను మీ నాన్నగారిని. మాత్రలు మానకుండా వేసుకుంటే నయమైపోతుంది. తాకితే అంటుకుంటుందనేది ఒట్టి భయం, కొన్నాళ్లు మందు పడ్డాక ఆ భయం కూడా అక్కర్లేదు." కిటికీ వైపు చూస్తూ అన్నారు. "మా అన్నయ్యకి వచ్చిందమ్మా. మా వాళ్లు పెరటి అవతల పాక వేసి అందులో ఉంచారు. మందుందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇక్కడ ఆ పుస్తకాలు 616లో పెడితే ఎవడూ తీసుకెళ్లలేడు. వీధిలో అంకె చూసి అరిచేస్తున్నారుగా! అందుకని నేనే అంకె మార్చాను. ఎవరైనా నా దగ్గరికొచ్చి గుసగుసగా అడిగితే ఆ పుస్తకాలున్న అలమర తాళం తీసి ఇస్తాను."

"కోళ్లు ఎందుకు సార్? మా బాపమ్మ ఇల్లు పీకి పందిరేస్తున్నది."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "మా వైపు ఏ పెరట్లో చూసినా కోళ్లేనమ్మా. ఎవరికీ అనుమానం రాని అంకె అనుకున్నాను. మీ ఇళ్లల్లో ఇంత రభస అవుతుందని నాకు తట్టలేదు." తర్వాత చాలా మెల్లగా, "ఇంట్లో ఎవరికీ చెప్పకు తల్లీ. మీ అమ్మగారికి కూడా. మీ నాన్నగారు నన్ను కోరింది అదొక్కటే" అన్నారు.

భయం కొంచెం తగ్గింది. మందుందన్న మాట నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మ పొయ్యి ముందు ఉంది. అన్నం గిన్నె ఉడికి పొంగుతోంది. అమ్మ మసిగుడ్డ అందుకోకుండా వట్టి చేతులతో గిన్నె అంచులు పట్టుకుని దించింది. నింపాదిగా దించి, నింపాదిగా పక్కన పెట్టింది. గడప దగ్గర బాపమ్మ పక్కింటావిడతో అంటోంది: "మా కోడలికి చేతులు కాలనే కాలవు. గంత మంటల కెల్లి గిన్నె గట్లనే ఎత్తుతది. పని అలవాటంటే గది." ఈ గొప్ప బాపమ్మ చాలా రోజులుగా చెబుతోంది. నేను కూడా బడిలో చెప్పుకున్నాను. కానీ ఇప్పుడు నేను ఆ పుస్తకం చదివి ఉన్నాను.

అమ్మ చేతి కింద వైపు రెండు చోట్ల బొబ్బలు. ఒకటి పగిలింది. అమ్మ దాన్ని చూసుకోవడం లేదు.

బాపు సంగతి అమ్మకు తెలియదు. అమ్మ సంగతి బాపుకు తెలియదు. బాపు తన చేతిని తాను చూసుకునే భయంలో ఇంకెవరి చేతులూ చూడటం లేదు. రెండూ తెలిసినదాన్ని నేను. మర్నాడు మధ్యాహ్నం ఆ పుస్తకం దించి వంటింట్లోకి తీసుకెళ్లాను. అమ్మ వెన్ను మీది అంకె చూసింది. నేను అప్పజెప్పిన బల్లే కదా, ఆమెకూ కంఠతా వచ్చు.

"ఛీ ఛీ! కోళ్ల పుస్తకం వంటింట్లకు తెస్తవా? మైల! తీస్కపో" అంది.

"అమ్మా, అది కోళ్లది కాదు. జర చూడు."

"బోర్డు మీద కోళ్లు అని నువ్వే చెప్పినవ్ గదా. మీ బాపమ్మ చూస్తే సంపుతది, తీస్కపో బిడ్డా."

అది ఏ పుస్తకమో చెప్పడానికి నా నోరు రాలేదు. ఆ మాట పలికితే ఇల్లు కూలుతుందని నిజంగానే నమ్మాను. ఆ చెయ్యి బొమ్మ ఉన్న పుట తెరిచి, పీట మీద పెట్టి, వాకిట్లోకి పరుగెత్తాను. తులసి కోట వెనక నిలబడ్డాను. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి పుట తిప్పిన చప్పుడైంది. ఇంకాసేపటికి ఇంకొక పుట. అమ్మ కూడబలుక్కుని చదువుతోంది. సాయంత్రం అలమర పైన చూస్తే పుస్తకం నమూనాల మూట కింద ఉన్నచోటే ఉంది. అమ్మ మొహం మాత్రం అప్పటికే తెలిసిన కబురు మళ్లీ విన్నట్టుగా ఉంది.

ఆ మరుసటి రోజు పొద్దున బాపు దుకాణానికి వెళ్లేముందు టీ అడిగాడు. మా ఇంట్లో టీ ఇత్తడి గలాసుల్లో తాగేవాళ్లం. సలసల కాగుతున్న టీని గలాసులో నిండా పోసి, అమ్మ దాన్ని వట్టి చేత్తో పట్టుకుని తెచ్చింది. బాపు పేపరు చూస్తూనే చెయ్యి చాచి అందుకున్నాడు, అరచేతి వారగా, చివరి రెండు వేళ్లతో. అమ్మ వదల్లేదు. ఇద్దరి చేతులూ ఆ గలాసు మీద ఉండిపోయాయి. పైన ఆవిరి లేస్తోంది. ఇద్దరిలో ఒక్కరు కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బాపు పేపరు దించి అమ్మ చేతిని చూశాడు, తర్వాత తన చేతిని, తర్వాత అమ్మ మొహాన్ని. అమ్మ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఎప్పటిసంది?" అని అడిగాడు బాపు.

"పోయిన దసరా సంది. మీకు?"

బాపు గలాసు తీసి కింద పెట్టి, అమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. పట్టుకున్నట్టు ఆ చేతులకు ఎంత తెలిసిందో నాకు తెలియదు.

వేంకటరత్నం గారు ఇద్దరినీ కలిపి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బంధువులందరికీ కోళ్ల ఫారం చూడ్డానికి వెళ్తున్నామని చెప్పారు. వాళ్లు తిరిగొచ్చినప్పుడల్లా బాపమ్మ ఇద్దరినీ వాకిట్లో నిలబెట్టి నీళ్లు కుమ్మరించేది. ఆమెకు చివరిదాకా నిజం తెలియదు. ఇద్దరికీ నయమైంది. బాపు అరచేతి వారకు స్పర్శ తిరిగి రాలేదు గానీ వేళ్లు నిలిచాయి, దుకాణం నిలిచింది. అమ్మకు రెండు వేళ్లు అప్పటికే వంగిపోవడం మొదలైంది. అవి అలాగే ఉండిపోయాయి. ఎవరైనా అడిగితే చిన్నప్పుడు తలుపు సందులో పడ్డాయని చెప్పేది.

చాలా ఏళ్ల తర్వాత, నేను పెళ్లయి పిల్లల తల్లినయ్యాక, అమ్మకు తల దువ్వుతుంటే తనంతట తానే చెప్పింది. "నీతోని గా బోర్డు ఊకె ఎందుకు చదివిపించేదాన్నో ఎరికేనా? దాంట్ల నా రోగం ముచ్చట ఏడనన్న ఉంటదేమోనని. రోగాల పుస్తకం తెప్పించుకున్న, దాంట్ల లేకపాయె. బోర్డు మీద లేదు, పుస్తకంల లేదు అంటే నా ఒక్కదానికే వచ్చినట్టున్నది, దేవుడు నాకే రాసిండు అనుకున్న. ఎవరినడగాలె బిడ్డా?" దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. ఆ పుస్తకం అమ్మ నెత్తి మీదే, అలమర పైనే ఉంది. దాని మీద కోళ్లని రాసి ఉంది.

అందుకే వేంకటరత్నం గారిని తలుచుకుంటే నాకు రెండు రకాలుగా ఉంటుంది. ఆ మనిషి దయ లేకపోతే మా బాపు ఆ పుస్తకాన్ని సందులోంచి ఇంటికి తెచ్చుకోగలిగేవాడు కాదు. కానీ ఆ దయ మేడమెట్లు ఎక్కి గుసగుసలాడగలిగిన మగవాడికే అందింది. వంటింట్లో కూర్చుని పిల్లతో బల్ల చదివించుకున్న మనిషికి అదే దయ తలుపు వేసింది. ఇంకెంతమంది ఆడవాళ్లు ఆ సందుల్లో చేతులు కాలుతున్నా తెలియకుండా గిన్నెలు దించారో ఎవరికి తెలుసు? అప్పుడు పుస్తకం మీది సంఖ్య వీధికి అర్థమైతే భయం. ఇప్పుడు కాలం మారిందంటారు. రోగం పేరు చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరంటారు. నాకు నమ్మకం లేదు. నేనే డెబ్బై దాటి ఇప్పుడు చెబుతున్నాను.

చివరికి ఆ సందులోకి వెళ్లి, గ్రంథాలయంలో నస్రీన్ పక్కన కూర్చున్నాను. ఆమె అంకె చదువుతుంటే నేను మాట చెబుతున్నాను. గోడ మీది నల్ల బల్ల ఎప్పుడో పోయింది. పని నవ్వుతూ తుళ్లుతూనే సాగింది. 636 దగ్గరికి వచ్చాక నస్రీన్ పాత రిజిస్టరులో కోళ్ల పెంపకమని చదివి, అలమర తెరిచి, ఖాకీ అట్టల వరస చూసి పకపకా నవ్వింది. "మేడమ్, బట్టల బజార్ల ఇన్ని కోళ్ల బుక్స్ ఎందుకు? ఎవరు పెంచిన్రు?"

కిటికీలోంచి మా పాత ఇంటి గోడ కనిపిస్తోంది. ఇప్పుడది సెల్‌ఫోన్ల గోదాము. "అవి కోళ్లవి కావమ్మా" అన్నాను. "కుష్టు గురించినవి. మా అమ్మకు, బాపుకు వచ్చింది." ఏ గోడా కూలలేదు. కింద ఎవరో బండి హారన్ కొడుతూనే ఉన్నారు. నస్రీన్ నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల తన సీసాలోంచి నాకు నీళ్లు పోసిచ్చింది. నీళ్లు తాగాక మొత్తం చెప్పాను.

నస్రీన్ అంకెను 616 చేసి, పక్కన రోగం పేరు కొట్టింది. కొట్టి ఆగింది. "మేడమ్, గిదొక్కటే సరిపోతదా? రోగం పేరు తెలిసినోళ్లు దవాఖానకే పోతరు గదా. తెల్వనోళ్లు ఏమని వెతుకుతరు?"

అది నాకు తట్టలేదు. కాసేపు కళ్లు మూసుకుని, అమ్మ అడగగలిగి ఉంటే ఏమని అడిగేదో ఆ మాటలే చెప్పాను. నస్రీన్ కొట్టింది: చేతికి వేడి తెలుస్తలేదు. పాలిపోయిన మచ్చ, గిల్లితే తెలుస్తలేదు. చెప్పు జారిపోయినా కాలికి తెలుస్తలేదు. భాష సరిచేద్దామా అని అడిగింది, వద్దన్నాను. అవే మాటలు ఉర్దూలో కూడా చేర్చింది. పాత పుస్తకాల పక్కన కొత్తదొకటి తెప్పించి పెట్టింది. సర్కారు దవాఖానలో మందు ఉచితంగానే ఇస్తారని కంప్యూటర్లోనూ ఎక్కించింది, పుస్తకం మొదటి పుటలోనూ తనే రాసి అంటించింది. అలమరకు తాళం తీసేయించింది.

పోయిన వారం ఫోన్ చేసింది. "మేడమ్, ఎవరో వెతికిన్రు."

"ఏం వెతికారు?"

"చేతికి వేడి తెలుస్తలేదు అని. మన మాటలే. పేరు రాదు మేడమ్, నంబర్ రాదు. మన గల్లీలదే అయి ఉంటది, ఇంకెవరికీ మన లైబ్రరీ ఎరికలేదు. ఒక్కరే మళ్ల మళ్ల వెతికినట్టున్నది. పుస్తకం కోసమైతే ఎవరూ రాలే."

అప్పటినుంచి నాకు నెమ్మది లేదు. ఈ క్షణాన ఆ సందుల్లో ఏదో వంటింట్లో ఒక మనిషి తన చెయ్యి తాను చూసుకుంటూ కూర్చుని ఉంది. మగో ఆడో, పెద్దో చిన్నో తెలియదు. మందుందని తెరమీద చదివి కూడా, మెట్లెక్కడానికి భయపడుతోంది. ఆ భయం నాకు తెలుసు, దాని బరువు తెలుసు. రోజూ మధ్యాహ్నం ఆటోలో వెళ్లి ఆ అలమర ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చుంటున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే పేపరు దించుతాను. వచ్చినవాళ్ల చేతుల వైపు చూడకుండా ఉండటం మాత్రం నాకింకా అలవాటు కాలేదు.